సముద్రం లేని ఊళ్లో సముద్రపు బురద కడిగాను

మాది పరకాల దగ్గర ఒక పల్లె. ఇరవై రెండేళ్లు వచ్చేదాకా నేను సముద్రం చూడలేదు. అలాంటి నేను ఎమ్మెస్సీ జువాలజీ ఆఖరి సెమిస్టర్‌లో నాలుగు నెలలు హనుమకొండలో కూర్చుని సముద్రపు ఇసుకా, బురదా కడిగాను.

దీని వెనక గొప్ప ఆశయమేమీ లేదు. ప్రాజెక్టు టాపిక్‌లు పంచుకునే రోజు నేను జ్వరంతో ఊళ్లో ఉన్నాను. వచ్చేసరికి చేపల చెరువులు, పట్టుపురుగులు, దోమల లార్వాలు అన్నీ అయిపోయాయి. మా గైడ్ సార్ విశాఖలో పీహెచ్‌డీ చేసినాయన. "మియోఫానా చేస్తావా?" అన్నారు. ఆ మాట నేను వినడం అదే మొదలు. "చేస్తా సార్" అనేశాను. రూముకెళ్లి వెతికి చూసుకున్నాక టెన్షన్ మొదలైంది.

మియోఫానా అనేది ఒక జంతుజాతి పేరు కాదు. జల్లెడను బట్టి పెట్టిన పేరు. 1942లో మాలీ మేర్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త సముద్రపు బురదలోని జీవుల్ని సైజు ప్రకారం విడదీస్తూ 'మియోబెంథోస్' అనే మాట వాడారు. మియోఫానా అన్నా దాదాపు అదే. పై జల్లెడలోంచి జారిపోయి కింది జల్లెడలో ఆగినవన్నీ మియోఫానా. పై జల్లెడకు కొందరు 1 మిల్లీమీటర్ వాడతారు, మేం 500 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటర్, వాడాం. కింద 63 మైక్రాన్లు. ఆ రెండింటి మధ్య ఆగింది నులిపురుగైనా, రొయ్యకు దూరపు చుట్టమైన కోపీపాడ్ అయినా, పెద్దయ్యాక వేలెడంత పొడుగు పెరగబోయే పాలీకీట్ అనే సముద్రపు పురుగు పిల్లయినా మియోఫానానే. మామూలుగా చదరపు మీటరు సముద్రపు నేలలో ఇవి పది లక్షల దాకా ఉంటాయి. వాటిలో సగానికి పైగా, చాలాచోట్ల నూటికి ఎనభై తొంభై దాకా, నెమటోడ్లు. అంటే నులిపురుగులే. ఇవి కడుపులో ఉండే రకం కాదు, ఇసుకలో స్వేచ్ఛగా బతికేవి.

ఈ తేడా మా అమ్మకు చెప్పలేక చచ్చాను. "ఏందే బిడ్డా, బళ్లె పోరగాండ్లకు గోలీలిచ్చి చంపుతాంటే నువ్వు సముద్రందాక పోయి ఏరుకొస్తవా?" అంది. నాన్న మాత్రం టమాట వేళ్లకు బుడిపెలు తెచ్చే నులిపురుగు గురించి విని ఉన్నాడు కాబట్టి, అదేదో మందు కనిపెట్టే పని అనుకుని ఊరుకున్నాడు. నేనూ ఆయన మాటకు అడ్డం చెప్పలేదు.

ముందు నెల రోజులు వడ్డేపల్లి చెరువు బురదతో చేయి అలవాటు చేసుకోమన్నారు సార్. జల్లెడ కొనాలంటే ధర చూసి భయమేసింది. చౌరస్తాలో హార్డ్‌వేర్ షాపు నుంచి నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్క కోయించుకొచ్చి, సార్ దగ్గరున్న 63 మైక్రాన్ల నైలాన్ మెష్‌ను దానికి అంటించాను. మొదటిసారి అంచున గమ్ సరిగా పట్టక, బురదంతా పక్క నుంచి జారిపోయింది. రెండోది నిలబడింది. చెరువు బురదలో నులిపురుగులు, గుల్లల ఆస్ట్రకాడ్లు, ఎర్రల చుట్టాలు కనిపించాయి. "ఇక్కడ చూసినవాటికి అక్కడ కొత్తవి తోడవుతాయి. కైనోరింకులని ముళ్ల తల పురుగులుంటాయి, అవి మంచినీళ్లలో ఉండవు, సముద్రంలోనే. దొరికితే నీ అదృష్టం" అన్నారు సార్.

జనవరిలో పౌర్ణమి చూసుకుని కాజీపేటలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం, నేనూ, రీసెర్చ్ స్కాలర్ అక్కా. పౌర్ణమికీ అమావాస్యకూ నీరు ఎక్కువ వెనక్కి తీస్తుంది కాబట్టి ఆ రోజులే ఎంచుకోవాలి. తెల్లారి విశాఖలో దిగి, అక్కడి నుంచి భీమిలి. గోస్తని నది సముద్రంలో కలిసే చోటు అది. మూడు చోట్లు పెట్టుకున్నాం: నది పక్క బురద గట్టు, బీచ్‌లో ఆటుపోట్లకు నడిమి ఇసుక, నీరు బాగా తీసినప్పుడే బయటపడే కింది ఇసుక. ఒక్కో చోట మూడు కోర్లు. కోర్ అంటే లోపలి వ్యాసం 3.6 సెంటీమీటర్లున్న అక్రిలిక్ గొట్టం. ఆ కొలత ఎందుకంటే దాని నోరు దాదాపు పది చదరపు సెంటీమీటర్లవుతుంది. మియోఫానా లెక్కలు ఎక్కువగా పది చదరపు సెంటీమీటర్లకే చెబుతారు. గొట్టం నేలలోకి దించి, పైన బిరడా బిగించి లాగితే ఇసుక స్తంభంలా బయటికొస్తుంది. దాన్ని 0–2, 2–5, 5–10 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క ఒక్కో సీసాలో వేయాలి. మొత్తం 27 సీసాలు.

బురద గట్టు దగ్గర కోర్ తీసినప్పుడు పైన గోధుమ రంగు పొర సన్నగా ఉంది, దాని కింద నల్లగా కాటుకలా. కోయగానే మురిగిన గుడ్డు కంపు. హైడ్రోజన్ సల్ఫైడ్ అది. సన్నటి బురదలో ఆక్సిజన్ పైన కొన్ని మిల్లీమీటర్లతోనే అయిపోతుంది, ఆ కిందంతా గాలి ఆడని లోకం. బీచ్ ఇసుకలో అలా కాదు, రేణువుల సందుల్లోంచి ప్రతి అల కూడా నీళ్లు తోస్తుంది కాబట్టి లోతుదాకా ఊపిరి ఆడుతుంది. క్లాసులో చదివితే ఒక్క లైను. అక్కడ నిలబడి చూస్తే రెండు నిమిషాల నడకలో రెండు వేరే దేశాలు.

తప్పు అక్కడే జరిగింది, మూడో చోట. సీసాలో ఫార్మాలిన్ పోసే ముందు ఇసుకను పది నిమిషాలు మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణంలో ఉంచాలి. అది వాటికి మత్తు. ఇసుకలో బతికే ఈ జీవుల్లో చాలావాటికి జిగురు గ్రంథులుంటాయి. అల వచ్చినా కొట్టుకుపోకుండా రేణువును పట్టుకుని వేలాడతాయి. మత్తు ఇస్తే పట్టు వదులుతాయి. ఇవ్వకుండా ఫార్మాలిన్ పోస్తే ఉలిక్కిపడి, పట్టుకున్నది పట్టుకున్నట్టే చచ్చిపోతాయి. ఇదంతా నాకు తెలుసు. కానీ కింది ఇసుక దగ్గరికొచ్చేసరికి నీరు తిరగబడింది. అల వచ్చి కాళ్ల దగ్గర పెట్టిన బాక్సును ఒక్క తోపు తోసింది. అక్క "తొందరగా, తొందరగా" అంటోంది. సముద్రాన్ని మొదటిసారి చూస్తున్న నాకు భయమేసింది. తొమ్మిది సీసాల్లోనూ నేరుగా ఫార్మాలిన్ పోసేశాను. సార్‌కు చెప్పలేదు. చెప్పేంత పెద్ద విషయం అనిపించలేదు మరి.

రైల్లో ఫార్మాలిన్ తేవడం కుదరదు. సీసాలు అక్కడే ఒక ల్యాబ్‌లో ఉంచి వచ్చాం. పది రోజులకు సార్‌కు తెలిసినవాళ్ల కారులో హనుమకొండ చేరాయి. ఫార్మాలిన్‌లో కొంచెం బోరాక్స్ కలిపాం, లేకపోతే ఆమ్లానికి గుల్లలు కరిగిపోతాయి. రోజ్ బెంగాల్ రంగు కూడా కలిపాం. జీవులు గులాబీ రంగెక్కి, ఇసుకలో తేలిగ్గా కంటికి ఆనతాయి. మొదటి బ్యాచ్‌లో నేను రంగు ఎక్కువేశాను. కుళ్లిన ఆకు తునకలూ, పెంటికలూ కూడా గులాబీ అయి కూర్చున్నాయి. రెండు రోజులు ఆకు ముక్కల్ని నులిపురుగులని లెక్కపెట్టి ఉంటాను.

ఇక కడగడం. సీసాలోని ఇసుకను పెద్ద బీకరులో వేసి, నీళ్లు పోసి, గిర్రున తిప్పి, బరువైన ఇసుక అడుగుకు దిగేదాకా కొన్ని సెకన్లు ఆగి, పై నీళ్లను జల్లెడలోకి వంపాలి. తేలికైన జీవులు నీళ్లతో పాటు వచ్చేస్తాయి. చేతి పంపులాంటి ఒక నీళ్ల సీసా, రెండు బీకర్లు, నేను కట్టిన జల్లెడ. ఇంతే సరంజామా. నేను మూడుసార్లు వంపి అయిపోయిందనుకునేదాన్ని. జల్లెడలో ఆగినదాన్ని పెట్రి డిష్‌లోకి దించి, మైక్రోస్కోప్ కింద గీతల వెంబడి లెక్కపెట్టాలి. డిష్ అడుగున సూదితో గీతలు నేనే గీసుకున్నాను.

"మిగిలిన ఇసుక పారబోయకు" అని సార్ మొదటి రోజే చెప్పారు. ఎందుకో చెప్పలేదు, నేనూ అడగలేదు. నడిమి ఇసుక తొమ్మిది సీసాలు పూర్తిచేశాను. ఐదింటి ఇసుక సింకులో పోశాను. అటెండర్ చూసి "ఏమమ్మా, సింకుల ఇసుక పోస్తున్నవ్, ఇల్లు గడుతున్నవా?" అని అరిచాడు. ఆ భయానికి మిగతా నాలుగూ పాత పచ్చడి జాడీల్లోకి ఎత్తాను. సార్ మాట మీద గౌరవంతో కాదు.

తర్వాత కింది ఇసుక మొదటి సీసా. నడిమి ఇసుకలో పై ముక్కకు మూడు వందల చొప్పున వచ్చాయి. ఇక్కడ 140. రెండో సీసా, దాదాపు అంతే. నేను ఆగి ఆలోచించలేదు. నోట్‌బుక్‌లో కారణం కూడా రాసేసుకున్నాను: "కింది భాగంలో అలల తాకిడి ఎక్కువ, అందువల్ల సంఖ్య తక్కువ." చదవడానికి ఎంత బాగుందో! వైవా కోసం దాన్ని నోటికి కూడా పెట్టుకున్నాను.

సార్ నోట్‌బుక్ చూసి ఏమీ అనలేదు. "ఆ ఇసుక ఉందా?" అన్నారు. ఉంది. అందులోంచి చెంచాడు తీసి డిష్‌లో వేసి, తనే మైక్రోస్కోప్ కింద పెట్టారు. "చూడు" అని లేచారు.

ఇసుక రేణువులకు గులాబీ దారాలు చుట్టుకుని ఉన్నాయి. ఒక్కో రేణువుకు ఒకటి, కొన్నిటికి రెండు. తోక జిగురుతో అంటుకుని, ఒళ్లు మెలిపెట్టుకుని. మొత్తం ఇసుక వెతికితే ఆ ఒక్క సీసాలోనే 94 వచ్చాయి. నేను లెక్కపెట్టిన 140కి ఇవి కలపాలి. నడిమి ఇసుక దాచిన జాడీలు తీసి చూస్తే నాలుగో ఐదో ఉన్నాయి, అంతే. అక్కడ మత్తు ఇచ్చాను, ఇక్కడ ఇవ్వలేదు. సముద్రంలో తేడా కొంత ఉందేమో, కానీ నేను రాసుకున్న తేడాలో ఎక్కువ భాగం నా చేతిది. అప్పుడు చెప్పాను సార్‌కు భీమిలి సంగతి. ఆయన కోప్పడతారనుకున్నాను. "ఇది రిపోర్టులో రాయి, ఉన్నదున్నట్టు" అన్నారు. కోప్పడినా బాగుండేది.

ఆ ఆదివారం ఊరికెళ్తే నాయనమ్మ చారెడు బియ్యం గాలిస్తోంది. నేను పొద్దస్తమానం ల్యాబ్‌లో చేసేది అదే పని. ఊరికే అడిగాను, ఎన్నిసార్లు తిప్పాలని. "సార్లేంది? గాలిచ్చుడంటే నీళ్లు పారబోసుడు గాదు. ఆఖరుకు రాళ్లు మిగుల్తయ్ సూడు, అండ్ల గింజ లేదని ఏలుతోని సూత్తేనే అయిపోయినట్టు" అంది. నేను మూడుసార్లని అంకె పెట్టుకున్నాను. ఆమె అంకె పెట్టుకోలేదు, అడుగు చూస్తోంది.

సోమవారం నుంచి ప్రతి సీసానూ ఐదుసార్లకు తక్కువ కాకుండా వంపాను. మత్తు ఇవ్వనివాటిని పదిసార్లు. ఆపైన మిగిలిన ఇసుకలోంచి కొంత తీసి చూసి, ఏమీ లేకపోతేనే మూత పెట్టాను. సింకులో పోసిన ఐదింటికి మాత్రం ఏం చేయలేను. రిపోర్టులో ఆ ఐదు సీసాలకు "మిగులు పరిశీలించలేదు" అని పక్కన రాయాల్సి వచ్చింది. ఆ టేబుల్ ఇప్పటికీ నాకు చూడబుద్ధి కాదు.

బురద సీసాలది ఇంకో కథ. అక్కడ ఇసుకే లేదు, ఉన్నదంతా సన్నటి మన్నూ చెత్తా. నీళ్లతో వంపితే చెత్త కూడా జీవులతో కలిసే వచ్చేస్తుంది. దానికి లూడాక్స్ అనే ద్రవం వాడతారు. సన్నటి సిలికా రేణువులు కలిసిన చిక్కటి నీళ్లలాంటిది. నీళ్లు కలిపి సాంద్రత 1.18 దగ్గరికి తెచ్చి, బురద కలిపి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే, మన్ను అడుక్కు దిగుతుంది, మెత్తటి ఒంటి జీవులు పైకి తేలతాయి. మామూలు ఇసుక సాంద్రత 2.65 కాబట్టి అది తేలే ప్రశ్నే లేదు. గుల్లలున్న ఆస్ట్రకాడ్లు మాత్రం బరువుకు కిందే ఉండిపోవచ్చు, అందుకే ఇక్కడా అడుగు చూడాల్సిందే. మొదటిసారి నేను సీసాలోని ఉప్పునీళ్లు పూర్తిగా కడగకుండానే లూడాక్స్ పోశాను. ఉప్పు తగిలితే అది గడ్డకడుతుంది. ట్యూబులో తెల్లగా జున్నులా తయారైంది. దాన్ని నీళ్లతో విడదీసి జీవుల్ని బయటికి లాగడానికి ఒక రోజంతా పట్టింది. మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది.

లెక్క అయ్యాక నులిపురుగుల్ని ఏరి స్లైడ్ల మీదికి ఎక్కించాలి. ఒక్కో నమూనాలోంచి వంద తీశాను. ఏరడానికి ఏ పనిముట్టూ అమ్మరు. చీపురు పుల్ల చివర ఒక కనురెప్ప వెంట్రుక అంటించుకోవాలి. దాని వంపు సరిగ్గా పురుగు నడుం కిందికి వెళ్లేలా ఉంటుంది. అక్క చెబితే ఎగతాళి అనుకున్నాను. సూదితో నాలుగు పురుగుల్ని చిదిపాక నా కంటికే చెయ్యి పోయింది. ఏరినవాటిని ఆల్కహాల్, గ్లిజరిన్ కలిపిన ద్రవంలో ఉంచి, ఆల్కహాల్ మెల్లగా ఆవిరయ్యేలా చేస్తే చివరికి ఒంట్లో గ్లిజరినే మిగులుతుంది. పురుగు గాజులా స్వచ్ఛమవుతుంది. లోపలి పేగు, గొంతు, గుడ్లు అన్నీ కనబడతాయి.

ఈ భాగం దగ్గర నేను నిజంగా పడిపోయాను. అప్పటిదాకా అన్నీ ఒకేలాంటి దారప్పోగులు. బాగా పెంచి నోరు చూస్తే ఒక్కోటి ఒక్కో మనిషి. 1953లో వీజర్ అనే ఆయన నోటిని బట్టి వీటిని నాలుగు రకాలు చేశారు. పళ్లు లేని చిన్న నోరైతే బ్యాక్టీరియాలాంటి సన్నటి తిండి ఏరుకునేది. పళ్లు లేకున్నా పెద్ద నోరైతే దొరికింది దొరికినట్టు మింగేది. చిన్న పళ్లుంటే ఇసుక రేణువు మీది డయాటమ్‌లనే సన్నటి నాచును గీకి తినేది. పెద్ద పళ్లు గానీ దవడలు గానీ ఉంటే పక్కవాణ్నే పట్టి మింగే రకం. తలకు రెండు పక్కలా వాసన పసిగట్టే గుంతలుంటాయి. కొన్నిటికి గుండ్రంగా, కొన్నిటికి జిలేబీ చుట్టలా. జిలేబీ చుట్ట మొదటిసారి స్పష్టంగా కనిపించిన సాయంత్రం నేను మెస్ టైము మరిచిపోయాను.

బురద ఆరో సీసాలో కైనోరింకు దొరికింది. నేను మొదట చెత్తనుకున్నాను. మిల్లీమీటరు కూడా లేదు. ఒళ్లంతా జొన్నకర్రలా కణుపులు, లెక్కపెడితే పదకొండు. చివర రెండు ముళ్లు. తల లోపలికి ముడుచుకుని ఉంది. బతికున్నప్పుడు ముళ్ల తలను బయటికి తోసి, బురదలో గుచ్చి, ఒంటిని ముందుకు లాక్కుంటుందట. మొత్తం ప్రాజెక్టులో మూడే దొరికాయి. అమ్మకు ఫోన్‌లో ఫోటో పంపితే "పేనా?" అంది.

డేటా అంతా వచ్చాక నాకో ఆశ పుట్టింది. 1981లో రాఫెల్లీ, మేసన్ అనే ఇద్దరు నులిపురుగులకూ కోపీపాడ్‌లకూ మధ్య నిష్పత్తి చూస్తే కాలుష్యం తెలుస్తుందని ప్రతిపాదించారు. కోపీపాడ్‌లు ఆక్సిజన్ తగ్గితే ఓర్చుకోలేవు, నులిపురుగుల్లో చాలావి ఓర్చుకుంటాయి. మురికి పెరిగితే నిష్పత్తి పెరగాలి. నా బురద గట్టులో ఆ నిష్పత్తి బీచ్ కంటే చాలా ఎక్కువ. "భీమిలి నది ముఖద్వారంలో కాలుష్యం" అని హెడ్డింగ్ పెట్టేశాను. చూస్తే పేపర్లో వార్తలా ఉంది. సార్ పెన్నుతో కొట్టేశారు. బురద అంటేనే సందుల్లేవు, ఆక్సిజన్ తక్కువ, ఇసుక సందుల్లో బతికే కోపీపాడ్‌లకు అక్కడ చోటే లేదు. మురికి లేకపోయినా నిష్పత్తి ఎక్కువే వస్తుంది. ఇసుకను ఇసుకతో, బురదను బురదతో పోల్చితేనే ఆ అంకెకు కాస్త అర్థం. ఆ విషయం మీద చాలా ఏళ్లుగా వాదన నడిచింది కూడా. అలల తాకిడి గురించి కారణం అల్లినట్టే ఇక్కడా అల్లబోయాను. ఈసారి నా చేతి తప్పు కాదు, నా తొందర.

మరి ఇవి లెక్కపెట్టి ఏం లాభమని వైవాలో అడిగారు. చేపపిల్లలకూ రొయ్యపిల్లలకూ ఇవి తిండి అని చెప్పాను. పైగా వీటిలో చాలావాటికి నీళ్లలో తేలిపోయే లార్వా దశ ఉండదు. గుడ్డు పడిన చోటే పుట్టి అక్కడే పోతాయి కాబట్టి ఆ చోటులో ఏం జరిగిందో వీటి మీద పడుతుంది. "అలాగైతే ప్రపంచమంతా ఒకే రకాలు ఎలా ఉన్నాయి?" అని ఇంకొకాయన అడిగారు. అది శాస్త్రవేత్తలనూ చాలాకాలం తికమక పెట్టిన ప్రశ్న. అలలకు లేచి ప్రవాహాల్లో కొట్టుకుపోవడం, నాచు ముక్కల మీద ప్రయాణం, పైకి ఒకేలా కనిపించినా లోపల వేరు జాతులై ఉండటం అని తెలిసింది చెప్పాను. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన పి.ఎన్. గణపతి, జి. చంద్రశేఖర రావు 1962లోనే వాల్తేరు తీరపు ఇసుక జీవుల మీద వ్యాసం ప్రచురించారని చెప్పేసరికి ఆయన కొంచెం మెత్తబడ్డారు.

వరంగల్ వాళ్లకు సముద్రంతో ఏం పని అని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే చెబుదామని ఒక జవాబు సిద్ధం చేసుకున్నాను. మన పాకాల చెరువు పేరుతోనే భూగర్భ శాస్త్రంలో ఒక శిలల సముదాయం ఉంది. నూరు కోట్ల ఏళ్లకు పైబడిన ఆ రాళ్లలో చాలా భాగం లోతులేని సముద్రంలో పేరుకున్న సున్నమూ ఇసుకే. అప్పటికింకా ఏ నులిపురుగూ పుట్టలేదు. అడగలేదు కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

ఈ ఏడు ఒక జూనియర్ అమ్మాయి అదే పని తీసుకుంది, ఈసారి కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల బురదతో. నా పీవీసీ జల్లెడ, గీతల డిష్, ఖాళీ పచ్చడి జాడీలు నాలుగూ ఇచ్చేశాను. మెగ్నీషియం క్లోరైడ్ డబ్బా మీద ఎర్ర స్కెచ్‌తో "ముందు ఇది" అని రాసి పెట్టాను. చీపురు పుల్ల కూడా ఇచ్చాను కానీ, వెంట్రుక మాత్రం తనదే పెట్టుకోమన్నాను.